ఒకటి అనే అంకె ఊపిరి

తొక్క తీసిన నారింజ రంగు పెర్సిమన్ పండ్లు ఎండడానికి తాళ్ళకు వేలాడుతున్నాయి. వరుస కింద వరుస. వాటి మధ్య నుంచి పొగమంచు కదులుతోంది. కొరియాలోని సాంగ్జు ఊళ్ళో అక్టోబరు వాసన ఇది.

ఊరి పండగ. మధ్యాహ్నం రెండు గంటల కార్యక్రమం.

వేదిక వెనక పాడుతూ ఆడే నలుగురు అమ్మాయిలు నిలబడ్డారు. హేజూ, మిరం, యున్‌ఛే, సోదం. గ్రూపు పేరు ముల్‌గ్యోల్. అంటే అల.

ఏడేళ్ళ కిందట ఒక శుక్రవారం టీవీలో మొదటి పాట పాడారు. మూడో ఏడు ఒక వారం పాటల పట్టికలో పద్నాలుగో స్థానం దాకా వెళ్ళారు. అంతే... అల అక్కడి నుంచి వెనక్కి మళ్ళింది.

ఆ తర్వాత అన్నీ ఊరి పండగల వేదికలే. వెల్లుల్లి పండగ. పీతల పండగ. మిరపకాయల పండగ.

ఇప్పుడు పెర్సిమన్ పండగ.

ఏడేళ్ళ ఒప్పందం ఈ నెలతో అయిపోతుంది. ఇంకో మూడేళ్ళు ఉంటారో లేదో ఈ సాయంత్రం ఆరింటికల్లా కంపెనీకి చెప్పాలి. నలుగురూ ఉంటేనే గ్రూపు. ఒక్కరు కాదన్నా లేదు.

లీడర్ హేజూకు ఆపేయాలని ఉంది. ఏడాదిగా ఉంది. ఎడమ మోకాలు మెట్లు దిగనివ్వడం లేదు.

చెప్పలేదు.

సోదం పదిహేనో ఏట బడి మానేసి వచ్చింది. దానికి ఇంకో పని రాదు. లీడర్ నోటితో ఆ మాట ఎలా అంటుంది?

వేదిక ఎక్కారు. లీడర్ అంకె చెప్పాలి. "రెండు, మూడు!" అనగానే నలుగురూ ఒకేసారి వంగి, ఒకే గొంతుతో గ్రూపు పేరు చెప్పాలి. ఒకటి అనే అంకె ఎవరూ పైకి అనరు. అది ఊపిరి.

"రెండు, మూడు!"

"నమస్కారం! మేం ముల్‌గ్యోల్!"

ముందు వరుసలో ఎండటోపీ పెట్టుకున్న అవ్వ పక్కావిడ వైపు వంగింది.

"ఏమిటే వీళ్ళు? గాలి వీస్తే పండ్ల కంటే ముందు వీళ్ళే రాలేట్టున్నారు!"

"ఊరుకో, వింటారు."

"వింటే విననీ. విని ఇంత తిననీ!"

సోదం నవ్వు ఆపుకోలేక మొదటి పంక్తి మింగేసింది. యున్‌ఛే అందుకుంది. మూడు పాటలు అయ్యాయి. అవ్వలు చప్పట్లు కొట్టారు.

నాలుగున్నరకు వ్యాను హైవే ఎక్కింది.

"ఆఫీసు నుంచి మూడుసార్లు ఫోను," అన్నాడు మేనేజర్, అద్దంలోకి చూస్తూ. "ఏం చెప్పమంటారు?"

పొలాలు వెనక్కి పోయాయి. మంచు లేదు. ఎండ ఉంది.

"అక్కా," అంది సోదం. "అంకె చెప్పు."

"ఏం అంకె?"

"స్టేజి మీద చెప్తావుగా, అదే. అందరం ఒకేసారి చెప్పేద్దాం. ఉందాం, ఆపేద్దాం... ఏదో ఒకటి. కళ్ళు మూసుకుని."

హేజూ కళ్ళు మూసుకుంది. తన గొంతు ఒక్కటే వినిపిస్తే? మిగతా ముగ్గురూ విన్నాక ఈ సీట్లో ఎలా కూర్చోవాలి?

ఊపిరి.

"రెండు... మూడు."

"ఆపేద్దాం."

ఒకే గొంతు. నాలుగు గొంతులు, ఒకే గొంతు.

నలుగురూ కళ్ళు తెరిచారు.

"ఏడేళ్ళలో ఒక్కసారన్నా ఇంత బాగా కలిశామా?" అంది మిరం. "డాన్స్ మాస్టారు వింటే ఏడుస్తాడు."

సోదం నిజంగానే ఏడుస్తోంది. నవ్వుతూ.

"నీ కోసమే ఉన్నా అక్కా. గ్రూపు పోతే నువ్వేమైపోతావో అని!"

"నా కోసమా? నీ కోసం నేను మోకాలికి సూదులు పొడిపించుకుంటూ తిరిగానే, గాడిదా!"

"నేను మీ ఇద్దరి కోసం," అంది యున్‌ఛే.

"నన్నెవరన్నా అడిగారా?" అన్నాడు మేనేజర్.

"అన్నా, నువ్వు రోడ్డు చూడు."

"చూస్తున్నాలే. ఆదివారాలు ఇంట్లోనే ఉంటానని మా ఆవిడకి చెప్పుకోవాలి. నమ్మదు."

హేజూ ఫోను తీసింది. కంపెనీకి ఒక్క వాక్యం పంపింది. అభిమానులకు ఏం చెప్పాలో ఇంకా తెలియదు. రేపు ఏం చేయాలో కూడా తెలియదు.

తెలియకపోవడం ఇంత తేలికగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

వ్యాను హైవే పక్క విశ్రాంతి కేంద్రం దగ్గర ఆగింది. మిరం నూడుల్స్ కొట్టు వైపు వెళ్ళింది. యున్‌ఛే అమ్మకు ఫోను చేస్తూ గోడ వైపు నడిచింది. సోదం వేయించిన బంగాళాదుంపల బండి దగ్గర ఆగి, ఎవరినీ అడగకుండా పెద్ద పొట్లం కొనుక్కుంది.

నలుగురూ నాలుగు వైపులా.

హేజూ ఎవరినీ వెనక్కి పిలవలేదు.

గట్టు మీద ఒక పెర్సిమన్ చెట్టు ఉంది. ఆకులు లేవు. పండ్లు కోసేశారు. చిటారు కొమ్మన రెండు మాత్రం పిట్టల కోసం వదిలేశారు.

ఒక పిట్ట వచ్చి కొమ్మ మీద వాలింది.

కొమ్మ ఊగుతోంది...

పిట్ట ఇంకా పండుకు ముక్కు పెట్టలేదు.