ఓకే నొక్కేయండి

రస్ డిన్‌విడీ బల్ల మీద ఒక గాజు పలక ఉండేది. ఆ చుట్టుపక్కల షోరూములన్నింటిలోకీ ప్లగ్గు కార్లు ఎక్కువగా అమ్మినందుకు కంపెనీవాళ్లు ఇచ్చారు. పైన ఆకుపచ్చని ఆకు బొమ్మ, కింద రస్ పేరు. పేరులో ఒక అక్షరం తప్పు పడింది కానీ ఆయన పట్టించుకోలేదు. అది అందుకున్న మనిషి తన జన్మలో ఒక్క కారుకైనా ప్లగ్గు పెట్టి ఎరగడన్న సంగతి ఇచ్చినవాళ్లకు తెలియదు. వాళ్లు అడగనూ లేదు.

ఇందులో రస్ ఒక్కడినే ఆడిపోసుకుని లాభం లేదు. ఆ రోజుల్లో రివర్‌సైడ్ షోరూముకి వచ్చేవాళ్లకు కావలసింది కారు కాదు, స్టిక్కరు. లాస్ ఏంజెలెస్ వైపు ఉద్యోగాలకు పోయే ఫ్రీవేలో ఎడమ చివరి వరస ఇద్దరేసి కూర్చున్న కార్లకు మాత్రమే. ఒంటరిగా అందులోకి దూరితే జరిమానా. ప్లగ్గు కారు కొన్నవాళ్లకు మాత్రం ప్రభుత్వం ఆకుపచ్చ స్టిక్కరు ఇచ్చేది. బంపరు మీద అది ఉంటే ఒక్కరే అయినా ఆ వరసలో దర్జాగా పోవచ్చు. మిగతా నాలుగు వరసలూ కదలక మెదలక పడి ఉంటే, వీళ్లు పక్కనుంచి వెళ్లిపోతూ వాళ్ల మొహాల్లోకి చూసేవారు. అమ్మకాలు ఏటికేడాది పెరిగాయి. జనానికి భూమి మీద ప్రేమ పెరిగిపోయిందని పత్రికలు రాశాయి.

ఆ కార్లలో బ్యాటరీ ఉంటుంది, పెట్రోలు ట్యాంకూ ఉంటుంది. రోజూ ఇంట్లో గోడ ప్లగ్గుకు తగిలిస్తే మొదటి ఇరవై మైళ్లు బ్యాటరీ మీద నడిచి, ఆ తర్వాత పెట్రోలు అందుకుంటాయి. తగిలించకపోయినా నడుస్తాయి, మొదటి నుంచీ పెట్రోలు మీదే. తగిలించే వైరు డిక్కీలో, నేలపలక కింద, ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది. చాలామంది కారును మూడేళ్ల లీజుకు తీసుకుని, గడువయ్యాక తిరిగిచ్చేసేవారు. అలా తిరిగొచ్చిన కార్లలో సగానికి సగం ఆ సంచి సీలు కూడా విప్పకుండా వచ్చేది.

షోరూములో వంతు పద్ధతి ఉంది. గుమ్మం దగ్గర వరసగా నిలబడాలి, వచ్చిన మనిషిని వంతున్నవాడు పట్టుకోవాలి, ఆ మనిషి వెళ్లేదాకా మరొకరి జోలికి పోకూడదు. అమ్మకం కుదిరితే గోడకున్న ఇత్తడి గంట కొట్టి మళ్లీ వరస చివరికి రావాలి. ప్లగ్గు గురించి అడిగేవాడు తగిలాడంటే గంటన్నర పోయినట్టే. ఏ ప్లగ్గు, ఎన్ని గంటలు, వానలో పెడితే షాకు కొడుతుందా అంటూ తల తినేస్తాడు. అందుకని రస్ ఒక మాట తయారుచేసి పెట్టుకున్నాడు. "ప్లగ్గు గొడవ మీకెందుకండీ? పెట్రోలు పోయించుకోండి, స్టిక్కరు అంటించుకోండి, వెళ్లిపోండి." ఇరవై నిమిషాల్లో గంట మోగేది.

మిలా అబెల్యానాకు కారు అమ్మిందీ అలాగే. మిలాగ్రోస్ అన్నది అసలు పేరు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి మొరెనో వ్యాలీలో స్థిరపడిన నర్సు. పమోనాలో ఆస్పత్రి. రానూ పోనూ నాలుగు గంటలు రోడ్డు మీదే గడిచిపోయేవి. వాళ్ల దేశపు అలవాటు కొద్దీ ఆయన్ని 'సార్ రస్' అనేది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆయన్ని సార్ అన్నది ఆవిడ ఒక్కతే. తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఆయనకు మాత్రం ఆ పిలుపు వినగానే చొక్కా సర్దుకోవాలనిపించేది.

కారు తీసుకున్న మూడో రోజు ఫోన్ చేసింది.

"సార్ రస్, ఇంటికొచ్చి బండి ఆపగానే తెర మీద ఏదో పడుతోందండీ. 'దయచేసి చార్జింగ్‌కి పెట్టండి' అంటోంది. కింద ఓకే అని ఉంది. పాడైపోలేదు కదా?"

అప్పుడు రస్ వంతు దగ్గర పడింది. ముందు ఒక్కడే ఉన్నాడు.

"పాడూ లేదు, గీడూ లేదు మేడం. కంపెనీవాళ్లు పనిలేక పెట్టారు. ఓకే నొక్కేయండి, పోతుంది."

"మళ్లీ వస్తే?"

"మళ్లీ నొక్కేయండి."

ఆ డిసెంబరులో క్రిస్మస్‌కి ముందు మిలా రేకు పళ్లెం నిండా లుంపియాలు పట్టుకొచ్చింది. కరకరలాడే ఆ మాంసం చుట్టలు షోరూము మొత్తానికీ సరిపోయాయి. పై ఏడూ తెచ్చింది, ఆ పై ఏడూ తెచ్చింది. కార్లమ్మేవాళ్లంతా దొంగలని మొగుడు ఎర్నెస్టో అంటాడట. "మా సార్ రస్ అలాంటివాడు కాదు" అని వాదిస్తుందట. ఆ సంగతి ఆవిడ నవ్వుతూ చెప్పినప్పుడు రస్ కూడా నవ్వాడు కానీ, ఆ మాట ఇంటిదాకా మోసుకెళ్లాడు. ఆయన్ని పెళ్లాం వదిలేసి పదకొండేళ్లయింది. మంచివాడని ఆయన తరఫున ఎక్కడో ఒక వంటింట్లో ఒకరు వాదిస్తున్నారన్నది ఆయనకు చిన్న విషయం కాదు. గాజు పలక కన్నా దాన్నే ఎక్కువ చూసుకునేవాడు.

మూడేళ్లు గడిచాయి. లీజు తీరిన శనివారం మధ్యాహ్నం మిలా కారు అప్పగించడానికి వచ్చింది. వెంట ముగ్గురు తోటి నర్సులు. నలుగురికీ ఈసారి కావలసింది పెట్రోలు ట్యాంకే లేని, పూర్తిగా కరెంటు మీద నడిచే కొత్త కారు.

"వీళ్లకి చెప్పానండీ," అంది మిలా, "సార్ రస్ మాటంటే మాటే అని. మీరు ఏది కొనమంటే అది కొనేస్తారు."

ఒక్కసారి నలుగురంటే ఒక్కడి వల్ల అయ్యే పని కాదని మేనేజరు లటోన్యాను కూడా పంపాడు. లటోన్యా విట్లో నలభై ఏళ్ల మనిషి, ఫోన్ కంపెనీ వదిలేసి ఈ పనిలోకి వచ్చింది. షోరూములో సొంతానికి కరెంటు కారున్నది ఆవిడకొక్కదానికే. ప్లగ్గు ప్రశ్నలంటే ఆవిడకు సరదా. బల్ల దగ్గర అందరినీ కూర్చోబెట్టి మిలా వైపు తిరిగింది.

"మీకైతే చెప్పే పనే లేదు. మూడేళ్ల అనుభవం కదా. ఇంట్లో చార్జింగ్ ఎక్కడ పెడుతున్నారు, గరాజులోనా, బయటా?"

"చార్జింగా?" అంది మిలా. "నా కారుకి అది అక్కర్లేదు. అది పెట్రోలు కారేగా, స్టిక్కరున్న పెట్రోలు కారు."

లటోన్యా రస్ మొహం చూసింది. చూసి, చాలా మంచి పని చేసింది.

"మరి వేరే మోడలేమోలెండి," అని కాగితం తిప్పేసింది.

అక్కడితో గండం గడిచినట్టే. రస్ చేయవలసిందల్లా నోరు మూసుకోవడమే. అప్పగింత కాగితంలో 'వైరు ఉంది' అన్న చోట టిక్కు పెడితే చాలు. వైరు నిజంగానే ఉంది మరి. కొత్త కారుకు చార్జింగ్ ఎలా పెట్టాలో లటోన్యా నేర్పుతుంది. గంట నాలుగుసార్లు మోగుతుంది, డిసెంబరులో లుంపియాలు వస్తాయి. ఇదంతా రస్‌కు నాలుగు క్షణాల్లో తట్టింది. ఐదో క్షణంలో మిలా, "చూశారా, లటోన్యాగారు కూడా పొరబడ్డారు. మా సార్ రస్ నాకు ముందే చెప్పారు, ఆ గొడవ లేదని" అంది స్నేహితురాళ్లతో. ఎంతో గర్వంగా అంది.

రస్‌కు సిగ్గేసింది. లేచి బయటికి వెళ్లాడు. మిలా కారు డిక్కీ తెరిచి, నేలపలక ఎత్తి, సంచి తీశాడు. సీలు మీద దుమ్ము కూడా లేదు. తెచ్చి బల్ల మీద, ఆవిడ ముందు పెట్టాడు.

"ఏంటండీ ఇది?"

"మీ కారు వైరు, మేడం. గోడకి తగిలించేది. రోజూ తగిలించి ఉంటే రోజూ ఇరవై మైళ్లు పెట్రోలు లేకుండా పోయేవారు. నేను చెప్పలేదు. చెబితే ఆలస్యమవుతుందని చెప్పలేదు."

మిలా సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. స్నేహితురాళ్లలో ఒకామె ఫక్కున నవ్వబోయి ఆపుకుంది.

"ఇది... ఆ తెర మీద వచ్చేది..." అంది మిలా నెమ్మదిగా.

"అవును మేడం. అదే."

"రోజూ వచ్చేది."

"అవును."

"ప్రతి శనివారం మా అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని పెట్రోలు బంకు లైన్లో నలభై నిమిషాలు నిలబడేదాన్ని. కంపెనీవాళ్లు చెప్పినన్ని మైళ్లు ఎందుకు రావడం లేదే అంటే నీ కాలు బరువు, గట్టిగా తొక్కుతున్నావ్ అని ఎర్నెస్టో ఏడిపించేవాడు. నిజమే కాబోలు అనుకుని కాలు తేలిగ్గా పెట్టడం నేర్చుకున్నా." ఆవిడ గొంతు పెంచలేదు. "మా ఆస్పత్రిలో మానిటరు మోగితే, ఎందుకు మోగిందో చూడకుండా మీట నొక్కేసిన నర్సుని ఆ పూటే ఇంటికి పంపేస్తారు. పంతొమ్మిదేళ్లలో నేనా పని ఒక్కసారి చెయ్యలేదు. మూడేళ్లు రోజూ సాయంత్రం ఆ బండి నాకు నిజం చెప్పింది, రస్. మీ మాట విని నేనే దాని నోరు నొక్కాను."

'సార్' రాలేదు. బల్ల దగ్గరున్నవాళ్లందరికీ ఆ లోటు వినిపించింది.

ముగ్గురు నర్సులూ ఒకరి మొహాలొకరు చూసుకుని, కుర్చీలు లటోన్యా వైపు జరుపుకున్నారు. మిలా మాత్రం సంచి తీసుకుని లేచింది.

"రండి. ఎలా పెట్టాలో చూపించండి."

"ఈ కారు ఇక మీది కాదు కదా మేడం, అప్పగించేశారు."

"సంతకం ఇంకా పెట్టలేదు. పెట్టేదాకా నాదే. కొత్తది ఎవరి దగ్గర కొంటానో, అసలు కొంటానో లేదో, ఇది నిండాక చెప్తా."

షోరూము వెనక గోడకు ప్లగ్గు ఉంది. రస్ కారు తెచ్చి అక్కడ ఆపాడు, సీలు చింపాడు, వైరు ఒక కొస గోడకు పెట్టాడు. రెండో కొస పట్టుకుని కారు వెనక్కి వెళ్లి మూత తెరిచాడు. అది పెట్రోలు మూత. కుడి పక్కకు వెళ్లాడు. అక్కడ ఏమీ లేదు. వెనక ఏమైనా ఉందేమోనని వంగి బంపరు కింద కూడా చూశాడు. మిలా చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది.

"మీకు తెలీదా?"

"తెలీదు మేడం."

"ఎన్ని అమ్మారేంటి ఇవి?"

"నూట పద్నాలుగు."

మిలా నవ్వింది. అంతలోనే ఆ నవ్వు వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు మొహం తిప్పుకుంది. చివరికి ముందు చక్రం పైన, ఎడమ పక్క రేకు మీద, చిన్న మూత కనిపెట్టింది ఆవిడే. ప్లగ్గు టక్కున కూర్చుంది. ముందు అద్దం వెనక పచ్చ లైటు మిణుకుమిణుకుమంటూ వెలగడం మొదలైంది.

"ఎంతసేపు?"

రస్‌కు అదీ తెలియదు. లోపలికి వెళ్లి లటోన్యాను అడిగి వచ్చాడు.

"మూడున్నర గంటలట."

"సరే," అని ఆవిడ మెట్టు మీద కూర్చుంది.

రస్ కూడా కూర్చున్నాడు. పక్కన కాదు, కింది మెట్టు మీద. లోపల ఒకసారి గంట మోగింది. కాసేపటికి మరోసారి మోగింది. మూడో నర్సు మొగుణ్ణి అడిగి వస్తానందట, అది మోగలేదు. "రస్, నీ వంతు!" అని లోపలినుంచి రెండుసార్లు కేకేశారు. రెండుసార్లూ చెయ్యి అడ్డంగా ఊపాడు. తను ఏనాడూ తెరవని కారు వాడకం పుస్తకం అరలోంచి తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. అర్థమైనంత ఆవిడకు చెప్పాడు, కానిచోట కాలేదన్నాడు. వానలో పెట్టినా షాకు కొట్టదని ఆయనకు ఆ రోజే తెలిసింది.

లైటు ఆరిపోయాక ఇద్దరూ ఎక్కారు. తెర మీద బ్యాటరీ గీత నిండుగా ఉంది. మూడేళ్లలో అది నిండగా మిలా చూడలేదు. చుట్టుపక్కల వీధుల్లో ఒక చుట్టు తిప్పింది. ఇంజను చప్పుడు లేదు. నలిగిన రోడ్డు మీద టైర్ల గరగర, ఎవరింట్లోనో కుక్క అరుపు వినిపిస్తున్నాయి. ఒక సిగ్నల్ దగ్గర మిలా స్టీరింగు మీద అరచెయ్యి ఆనించి రెండుసార్లు నిమిరింది. రస్ కిటికీలోంచి బయటికి చూశాడు.

తిరిగొచ్చి గోడ దగ్గర ఆపింది. తెర మీద అక్షరాలు పడ్డాయి. దయచేసి చార్జింగ్‌కి పెట్టండి.

ఆవిడ వేలు దానంతటదే ఓకే మీదికి లేచింది. మూడేళ్ల అలవాటు మరి. లేచి గాల్లో ఆగిపోయింది. ఆవిడ వేలు దించలేదు, రస్ వైపు తిరిగి చూసింది.

"ఏం చెయ్యమంటారు?"

రస్ దిగి, ముందుకు వెళ్లి, ఎడమ పక్క రేకు మీది మూత మొదటిసారికే తెరిచి, ప్లగ్గు పెట్టాడు. తెర మీది అక్షరాలు వాటంతటవే పోయాయి.

మిలా తాళం తీసుకుని దిగింది.

"కొత్త కారు కాగితాలు తెండి, రస్," అంది. "ఒక్కో లైనూ మీరే చదివి వినిపించాలి."

సార్ అనలేదు. రస్ కళ్లజోడు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లాడు.