గిన్నెల ముందు ఉపన్యాసం

కాలరు మురికి వదిలేదాకా రుద్ది, చొక్కా విదిలించి తీగ మీద ఆరేసింది ఆమె. జనంలో తిరిగే మనిషికి తెల్లచొక్కాలే కావాలి. వాటిని ఉతికే చేతులెవరివని జనం అడగరు. హాల్లోంచి భర్త గొంతు వినిపిస్తోంది. దేశమంతా అభిమానించే నాయకుడి జీవితం మీద కార్యక్రమం తీయడానికి టీవీవాళ్ళు వచ్చారు.

"జనాన్ని కట్టిపడేసే ఆ మాటతీరు మీకెలా అబ్బింది సార్?" విలేకరి అమ్మాయి అడిగింది.

"అది నా రక్తంలోనే ఉందమ్మా."

వంటింట్లోకొచ్చి కాఫీలు కలుపుతున్న ఆమెకు నవ్వాగలేదు. మొదటి సభలో ఆ రక్తమంతా కాళ్ళలోకి దిగిపోయింది కాబోలు, "సోదరులారా" అని, ఆపైన నోరు పెగలక వేదిక దిగొచ్చేశాడు. మర్నాడు వంటింట్లో గిన్నెలన్నీ బోర్లించి, "వీళ్ళే ఓటర్లు, మాట్లాడండి" అని ఆయన్ను నిలబెట్టింది తను. "పెళ్ళాం నేర్పిన మాటలు ఎన్నాళ్ళు నిలుస్తాయిరా?" అని అత్తగారు మూతి విరిచింది. నిలిచాయి. వార్డు నుంచి పార్లమెంటు దాకా, అక్కణ్ణుంచి మంత్రిపదవి దాకా. పాలు పొంగకుండా ఓ కంట కనిపెడుతూ తను రాసిన వాక్యాలకి మైదానాలు ఈలలేశాయి. ఆయన ఇంటికొచ్చి, "ఇవాళ అదరగొట్టేశాను" అనేవాడు. అదరగొట్టేశాం అంటే ఆయన సొమ్మేం పోయేది?

కాఫీలు తీసుకుని ఆమె హాల్లోకి వచ్చేసరికి విలేకరి ఇంకో ప్రశ్న వేస్తోంది.

"ఫ్యాక్టరీ సమ్మెలో మిమ్మల్ని జైల్లో పెట్టినప్పుడు ఉద్యమం నడిపిందెవరు సార్?"

"మావాళ్ళేనమ్మా. అందరూ."

మూల కుర్చీలో కునుకుతున్న అత్తగారు కళ్ళు తెరిచింది. "అందరూ ఏంట్రా? అందరూ తలుపులేసుకున్నారు. చంకలో పిల్లనేసుకుని గేటు ముందు మైకు పట్టుకుంది కోడలు."

ఇన్నేళ్ళకి ఆ నోట ఆ మాట! విలేకరి మైకు ఇటు తిప్పింది. "మీకెప్పుడూ పోటీ చేయాలనిపించలేదా ఆంటీ?"

"ఆవిడకలాంటి ఆశలేం లేవు," భర్త నవ్వేశాడు.

"అడిగింది నన్ను కదండీ." ట్రే బల్ల మీద పెట్టింది. "ఆశ ఉందమ్మా. ఈసారి ఈయన వేరే చోట నిలబడుతున్నారు. ఇక్కడి సీటుకి మా మరిదిని అనుకుంటున్నారు. కానీ నేను నిలబడతాను."

కెమెరా తిరుగుతూనే ఉంది. మంత్రిగారు నవ్వు చెదరనీయకుండా, "చాలా... సంతోషం" అన్నాడు. అత్తగారు మాత్రం పకపకా నవ్వింది.

టీవీవాళ్ళు గుమ్మం దాటగానే ఆయన ఇటు తిరిగాడు. "నాతో ఒక్కమాటైనా అనకుండా చెప్పేశావేంటి?"

"చెవిలో చెబితే మర్చిపోతారని మైకులో చెప్పాను."

కోపం తెచ్చుకోబోయాడు కానీ నవ్వొచ్చేసింది. "నీ నోటి ముందు ఎవరు నిలుస్తారులే! తమ్ముడికి నేను చెప్తాను. మరి, రేపటి సభకి నా ప్రసంగం?"

"మీరే రాసుకోండి. నాకు నా పనుంది."

గదిలోకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, కాగితం ముందేసుకుని "నేను" అని రాసింది. ఆ మాట ఇదివరకు ఎన్ని సభల కోసం రాసిందో లెక్కలేదు. దానర్థం తనే కావడం మాత్రం ఇదే మొదలు.