ఒకటిన్నర ఆంపియర్

ఘాజియాబాద్‌లోని ఆ గల్లీలో కరెంటు పోతే జనం ఛార్జర్లు పట్టుకుని మేడమీద సాయిసుధ గదికి వెళ్లేవారు. ఆమె ప్లగ్గు పిన్నులు పిడికిట్లో బిగించి, రెండో చేత్తో పుస్తకం తిరగేసుకుంటూ ఫోన్లు ఛార్జ్ చేసిపెట్టేది. పుట్టినప్పటినుంచీ ఆమె ఒళ్లు అంతే. ఎలక్ట్రీషియన్ ఒకసారి మీటరు పెట్టి చూశాడు. రెండువందల ముప్ఫై వోల్టులు, అర ఆంపియర్. గుణిస్తే నూటపదిహేను వాట్లు.

"ఫోన్లకీ ఒక ఫ్యానుకీ చాలు దీదీ. ఫ్రిజ్ జోలికి పోకు" అన్నాడు.

ఆ ఆదివారం సివిల్స్ ప్రిలిమ్స్. వచ్చే ఏడాదికి ఆమెకి పరీక్ష రాసే వయసు దాటిపోతుంది. సరిగ్గా ఆ పొద్దునే, అయిదున్నరకి, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. కింది వాటాలో ఇంటివాళ్లుంటారు. మిలిటరీలో రిటైరైన పెద్దిరాజు, భార్య కాంతమ్మ. ఊపిరితిత్తులు పాడైన పెద్దిరాజుకి ఆక్సిజన్ మిషనే ఊపిరి.

సాయిసుధ కిందికి పరుగెత్తి, ఇన్వర్టర్ ముందు కూర్చుని లెక్కేసింది. పన్నెండు వోల్టుల బ్యాటరీ, నూటయాభై ఆంపియర్ అవర్లు. గుణిస్తే పద్దెనిమిది వందల వాట్ అవర్లు. పాతబడింది కాబట్టి సగమే అనుకోవాలి. మిషన్ మూడువందల యాభై వాట్లు తింటుంది.

"ఫ్యాన్లు, లైట్లు కట్టెయ్యండి ఆంటీ. రెండున్నర గంటలొస్తుంది."

అంతే వచ్చింది. ఎనిమిదింటికి ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది. ఆక్సిజన్ సిలిండర్ల షాపువాడు "దో ఘంటే", రెండు గంటలు పడుతుందన్నాడు. అంబులెన్సు వస్తున్నానంటూనే ఉంది. పెద్దిరాజు పెదాలు నీలంగా మారుతున్నాయి.

సాయిసుధ హాల్ టికెట్ పక్కన పడేసి, మిషన్ ప్లగ్గు రెండు చేతులా పట్టుకుంది. మిషన్ మూలిగింది గానీ తిరగలేదు. ఒకటిన్నర ఆంపియర్ కావాలి. ఉన్నది అర.

"నువ్వెల్లిపోమ్మా. తొమ్మిదికి గేటు మూసేస్తారు కదా" అంది కాంతమ్మ, మొగుడి ఛాతీ రాస్తూ.

సాయిసుధ ప్లగ్గు వదల్లేదు. ఎనిమిదేళ్లుగా ఇదే పరీక్ష. అమ్మ ఫోన్లో పరీక్షల ఊసెత్తడమే మానేసింది. దుఃఖం భుజాల్లోంచి మోచేతుల్లోకి, వేళ్లలోకి దిగింది. మిషన్ గిర్రున తిరిగింది.

ఆమెకి కాస్త ఊరట కలగగానే మిషన్ మళ్లీ నీరసించింది. ఆమెకి అర్థమైంది. ఊరట కూడదు. కావాలని ఒక్కొక్కటే తలుచుకుంది: అరమార్కుతో తప్పిన ఏడాది, మెట్రోలో ముఖం దాచుకుని ఏడ్చిన రోజు, ఇప్పుడు సెంటర్ ముందు కదులుతున్న క్యూ. తొమ్మిది కొట్టింది. మిషన్ అంత బలంగా అంతకుముందెన్నడూ తిరగలేదు.

సిలిండరూ అంబులెన్సూ రాకముందే, పదిన్నరకి లైను బాగుచేశారు. కాంతమ్మ ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి ప్లగ్గు తీసుకుంది. అరచేతులు కమిలిపోయి ఉన్నాయి.

సాయంత్రం పెద్దిరాజు లేచి కూర్చున్నాడు. పొద్దుటి సంగతేదీ ఆయనకి గుర్తులేదు.

"పేపరెలా వచ్చిందమ్మా?" అని అడిగాడు.

ఆమె అరచేతులకి మందు రాస్తున్న కాంతమ్మ తలెత్తలేదు.

"బాగా రాశానంకుల్" అంది సాయిసుధ.