తొమ్మిది అంగుళాల గడప

డ్రైవరమ్మకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. వెనక నలభై మంది పిల్లలు గోల చేస్తున్నప్పుడు అరిస్తే లాభం లేదనీ, మెల్లగా ఒక్క మాట అంటేనే బస్సంతా సద్దుమణుగుతుందనీ ఆమెకి ఎప్పుడో తెలిసిపోయింది. కాబట్టి ఆ రోజు పాత కట్టడాల కమిటీ ముందు ఆమె దాదాపు గుసగుసలాడుతోందంటే లోపల ఎంత ఉడికిపోతోందో ఊహించుకోండి. కమిటీ వాళ్ళకి ఆ సంగతి తెలియక, పాపం మెత్తటి మనిషి అనుకున్నారు.

ఆమె అడిగినది కొండ మీద కోతినేమీ కాదు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, దానికి ఆమె ఇల్లు అడ్డం. వందేళ్ళు దాటిన చెక్క ఇల్లు. గుమ్మం పక్కన కమిటీ బిగించిన ఇత్తడి పలక ఉంది కాబట్టి కూల్చడానికి వీల్లేదు. జాకీలతో ఎత్తి, నలభై అడుగులు వెనక్కి జరిపి, కొత్త పునాది మీద దింపాలి. అంతవరకూ అందరూ సరేనన్నారు. ఎలాగూ జరుపుతున్నారు కదా, పనిలో పనిగా వెనకవైపు కింద ఒక్క గది వేసుకుంటానని ఆమె అడిగింది. పేచీ అక్కడ మొదలైంది.

ఆ గది తమ్ముడి కోసం. తమ్ముడు కరెంటు లైన్‌మ్యాన్. ఏడాది కిందట స్తంభం మీంచి పడ్డాడు, నడుం కింద నుంచి స్పర్శ లేదు. ఇంట్లో పడక గదులన్నీ మేడ మీదే. కింద హాలు, వంటిల్లు తప్ప ఏమీ లేవు. వీధి గుమ్మం వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు, తమ్ముడి చక్రాల కుర్చీ వెడల్పు ఇరవై ఏడు. ఒక్క అంగుళం తక్కువై పదకొండు నెలలుగా వాడు పునరావాస కేంద్రంలో, ఎనిమిది మంచాల హాల్లో, కిటికీ లేని వైపు పడుకుంటున్నాడు. మూడు నెలల్లో మంచం ఖాళీ చెయ్యకపోతే ఆరు గంటల దూరంలో ఉన్న పెద్ద కేంద్రానికి పంపించేస్తామని కాగితం కూడా ఇచ్చారు.

"ఈ ఇంటికి వెనక గది అనేది ఎన్నడూ లేదమ్మా," అన్నాడు అధ్యక్షుడు. చొక్కా జేబులో ఎప్పుడూ కొలతల టేపు పెట్టుకు తిరుగుతాడని ఆయన్ని అందరూ టేపు పెద్దాయన అంటారు. "లేని గది కట్టడమంటే కట్టడాన్ని పాడుచెయ్యడమే. ఒకసారి పునాది మీద దిగాక ఇక ఎప్పటికీ ఏదీ కలపకూడదు. అది కూడా ఆర్డర్లో రాస్తున్నాం."

"వీధి గుమ్మం ఒక్క అంగుళం పెంచుకుంటానన్నాను. అదీ వద్దన్నారు."

"అది ముఖద్వారం కదా."

"మరి మా తమ్ముడు ఎలా రావాలండి ఇంట్లోకి?"

టేపు పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "చూడమ్మా, మా పరిధి ఇల్లు. ఇంటి గోడ దాటితే మాకు సంబంధం లేదు. మీ తమ్ముడి సంగతి అసలే లేదు."

మిగతా నలుగురూ తలలూపారు. మూడు సిట్టింగులుగా వాళ్ళు చేసింది అదే. డ్రైవరమ్మ వాళ్ళ తలల్ని వరసగా చూసింది. ఒక్కొక్క తలనీ పట్టుకుని బల్లకేసి కొడితే ఎలా ఉంటుందో కూడా కాసేపు ఆలోచించింది. తర్వాత లేచి, కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి తోసి, బయటికి వచ్చేసింది.

నాలుగో రోజు ఇల్లెత్తే వాళ్ళు దిగారు. వడ్రంగి మేస్త్రి డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. ఇంటి వెనక ఒక అరుగు ఉండేది. జాకీలు పెట్టడానికి దాన్ని పగలగొట్టారు. మధ్యాహ్నం బస్సు నిలిపి వచ్చిన డ్రైవరమ్మని మేస్త్రి చేత్తో పిలిచాడు.

"ఇటు రామ్మా. ఈ అడుగు దూలం చూడు. గోడలు నిలబడేది దీని మీదే. గోడ ఎక్కడ ఆగింది?"

"ఇక్కడ."

"దూలం ఎక్కడ ఆగింది?"

దూలం ఆగలేదు. గోడ దాటి, ఇన్నాళ్ళూ అరుగు కింద దాక్కుని, ఇంకో పది అడుగులు వెళ్ళింది. ఆ పది అడుగుల్లో మూడు చోట్ల చెక్క ముక్కలు బిగించి పూడ్చిన చదరపు గుంటలు ఉన్నాయి. గుంటల పక్కన ఉలి గాట్లు.

"పాత పనివాళ్ళు ఇల్లంతా కింద కోసుకుని, తర్వాత నిలబెట్టేవాళ్ళు," అన్నాడు మేస్త్రి. "ఏ స్తంభం ఏ గుంటలో దిగాలో తేడా రాకుండా రెంటికీ ఒకే లెక్క గాట్లు పెట్టేవాళ్ళు. అయిదుకి ఒక ఏటవాలు గీత. ఇంట్లో స్తంభాలు పొద్దున్నే లెక్కపెట్టాను. పదకొండు. ఇవి చదువు."

ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. పన్నెండు. పదమూడు. పద్నాలుగు.

"గది ఉండేది," అంది.

"ఉండేది. పన్నెండుకీ పదమూడుకీ మధ్య దూలం పైన అరిగింది చూడు. జనం తొక్కి తొక్కి అరిగింది. ఇది గడపమ్మా. ఇక్కడ గుమ్మం ఉండేది. ముప్ఫై నాలుగు అంగుళాలు."

డ్రైవరమ్మ ఆ అరిగిన చోట చెయ్యి పెట్టి చూసింది. ఈ ఇల్లు వాళ్ళమ్మ ముప్ఫై ఏళ్ళ కిందట పిల్లలిద్దర్నీ వెంటేసుకొచ్చి కొన్నది. అప్పటికే ఆ అరుగు ఉంది. అమ్మ దాని మీద కూర్చుని పిల్లల తలలు దువ్వేది. కింద గుమ్మం ఉందని ఎవరికి తెలుసు?

ఆ వారంలోనే కమిటీ ఇంటి దగ్గరికి రాక తప్పలేదు. టేపు పెద్దాయన తెల్లచొక్కాతో ఇంటి కిందికి దూరి, టార్చి వేసి చూసి, భుజం నిండా మట్టి పూసుకుని బయటికి వచ్చాడు.

"ఎక్కడో పడగొట్టిన ఇంటి దూలం తెచ్చి ఇక్కడ వాడి ఉంటారు. అప్పట్లో అది మామూలే. దీన్ని బట్టి గది ఉందని చెప్పలేం," అన్నాడు.

అప్పుడు వాళ్ళ ఆఫీసు గుమాస్తా, అంతవరకూ ఫైళ్ళు మోసుకుంటూ వెనక నిలబడ్డ ఆవిడ, ఒక పాత రిజిస్టరు తెరిచింది. డ్రైవరమ్మ అడిగిందని ఇత్తడి పలక బిగించిన ఏడాదిది వెతికి తెచ్చింది. ఆవిడ ఎవరి మొహమూ చూడకుండా చదివేసింది. "వెనకవైపు గది ఇంటి అందాన్ని చెడగొడుతున్నందున, పలక బిగించే ముందు దాన్ని తొలగించవలెను. ఆ చోట అరుగు కట్టవలెను." కింద సంతకం చూపించింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటి సంతకం. దాన్ని పోల్చుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. పదిరోజుల కిందట డ్రైవరమ్మ దరఖాస్తుని కొట్టేస్తూ పెట్టిన సంతకమూ అదే.

టేపు పెద్దాయన భుజం మీది మట్టి దులుపుకున్నాడు. "ఎన్నో ఇళ్ళు చూస్తాం. అన్నీ గుర్తుంటాయా?"

డ్రైవరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఎంత మెల్లగా మాట్లాడిందంటే ఆయన వినడానికి మెడ వంచాల్సి వచ్చింది.

"మీరే పడగొట్టారు. మీరే లేదన్నారు. మీరు మర్చిపోయినందుకు మా వాడు పదకొండు నెలలు కిటికీ లేని గోడ చూస్తూ పడుకున్నాడు. మర్చిపోతే మర్చిపోయారు, ఒకసారి పుస్తకం తీసి చూసుకోడానికి ఏమైంది మీకు?"

జాకీల దగ్గర పనివాళ్ళు చేతులు ఆపి ఇటు తిరిగారు. ఆ మాట ఆయన్ని లొంగదీసిందని మీరు అనుకుంటే కమిటీల సంగతి మీకు తెలియదన్నమాట. పరువు పోయిన చోట పెద్దమనుషులు రూల్సు పట్టుకుని వేలాడతారు.

రెండు రోజుల్లో ఆర్డరు వచ్చింది. గది కట్టుకోవచ్చు. పాత గుర్తుల ప్రకారం, అదే కొలతలతో. గుమ్మం ముప్ఫై నాలుగు అంగుళాలు. ఆమె అంతవరకూ చదివి కళ్ళు తుడుచుకుంది. తర్వాతి పేజీ తిప్పింది. గడప దూలం తొమ్మిది అంగుళాల మందం, మూల కట్టడంలో భాగం. దాన్ని కొయ్యరాదు, చెక్కరాదు, కిందికి దించరాదు. బయటి నుంచి మెట్లు గానీ, ఏటవాలు బల్ల గానీ, మరేదైనా గానీ ఇంటికి ఆనించరాదు.

లోపలి నేల గడపకి సమానమే. బయటే చిక్కు. తొమ్మిది అంగుళాలు. నడిచేవాడికి ఒక్క అడుగు. తమ్ముడికి అది గోడ.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కాగితం పట్టుకుని పునరావాస కేంద్రానికి వెళ్ళి, ఎనిమిది మంచాల హాల్లో తమ్ముడి ముందు పడేసి, మొదటిసారి గొంతు పెంచింది. రంపం తీసుకుని తనే వెళ్ళి ఆ గడప కోసేస్తానంది. ఆ ఇత్తడి పలక పీకి ఆయన నెత్తిన కొడతానంది. పక్క మంచాల వాళ్ళు దుప్పట్లు దించి చూశారు.

"మెల్లగా అక్కా, రంపం నీ చేతికిస్తే ముందు నీ వేలే తెగుద్ది," అన్నాడు తమ్ముడు. కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. "ఇందులో గడప మందం రాశారు. నేల ఎత్తు ఎక్కడ రాశారు?"

"నేలకేం?"

"మా లైన్ల పనిలో తీగ ఇరవై అడుగుల ఎత్తులో ఉండాలి. ఒకచోట కట్టి వచ్చాం, కొలిచి సంతకాలు కూడా అయ్యాయి. ఆర్నెల్లకి తీగ తక్కువ ఎత్తులో ఉందని మా మీద కేసు. వెళ్ళి చూస్తే తీగ కట్టిన చోటే ఉంది. రోడ్డు వాళ్ళొచ్చి కంకర పోసి రోడ్డునే రెండడుగులు లేపేశారు. తిట్లు మాకు." వాడు కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "గడప దించొద్దంటే దించకు. పెరడు లేపు. గోడ దాటితే వాళ్ళకి సంబంధం లేదన్నారని నువ్వేగా చెప్పావు."

వాడు నవ్వుతున్నాడు. పదకొండు నెలల్లో ఆ మొహంలో నవ్వు ఆమె చూడటం అదే మొదలు. "వెధవా, ముందే చెప్పి ఏడవచ్చుగా," అంది.

ఇల్లు నలభై అడుగులు జరగడానికి ఒక పగలంతా పట్టింది. పునాది మీద దిగింది, గది లేచింది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు గుంటల్లో మేస్త్రి కొత్త స్తంభాలు దింపాడు. వాటి మీద పాత లెక్కనే గాట్లు పెట్టాడు. తర్వాత లారీల్లో మట్టి వచ్చింది. పెరడంతా తొమ్మిది అంగుళాలు లేచి, వీధి గేటు దాకా ఎక్కడా మెట్టు లేకుండా వాలింది. మట్టి తగిలితే చెక్క పుచ్చిపోతుందని మేస్త్రి అడ్డంగా రాతి కట్టు కట్టాడు. రాతికీ గడపకీ మధ్య సరిగ్గా ఒక్క అంగుళం సందు వదిలాడు. ఏదీ ఇంటికి ఆనలేదు.

ఆఖరి తనిఖీకి టేపు పెద్దాయన వచ్చినప్పుడు మంచం ఖాళీ చెయ్యాల్సిన గడువుకి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆయన గుమ్మం కొలిచాడు, ముప్ఫై నాలుగు. దూలం పక్కకి వెళ్ళి మందం కొలిచాడు, తొమ్మిది. తర్వాత కిందికి చూశాడు.

"ఏంటిది?"

"మట్టండి."

"మట్టి ఎవరు పొయ్యమన్నారు? ఇంటికి ఏదీ ఆనించకూడదని రాశాం కదా."

"కొలుచుకోండి."

ఆయన ఒంగి సందులో టేపు పెట్టాడు. అంగుళం. ఈ చివర అంగుళం, ఆ చివర అంగుళం. మోకాళ్ళ మీద పాకుతూ మధ్యలో కూడా చూశాడు. లేచి నోరు తెరవబోయాడు.

"గోడ దాటితే మీ పరిధి కాదన్నారు," అంది డ్రైవరమ్మ. "నేను మీలాగా మర్చిపోలేదు."

ఆయన మొహం మాడ్చుకుని కాగితం మీద సంతకం పెట్టాడు. మళ్ళీ అదే సంతకం. అప్పుడు గేటు దగ్గర కేంద్రం వాళ్ళ బండి ఆగింది. తమ్ముణ్ణి కుర్చీతో సహా దించారు. వాడు ఒక్కడే, రెండు చేతులతో చక్రాలు తోసుకుంటూ పెరట్లోంచి పైకి వచ్చాడు. గుమ్మానికి అడ్డంగా టేపు పెద్దాయన ఉన్నాడు.

"కొంచెం జరగండి సార్. ఇంట్లోకెళ్ళాలి."

ఆయన జరిగాడు. ముందు చక్రాలు అంగుళం సందు మీద టక్కుమన్నాయి, వెనక చక్రాలు టక్కుమన్నాయి, అంతే. వాడు గదంతా ఒకసారి చుట్టి వచ్చి, కిటికీ దగ్గర ఆగి, రెక్కలు రెండూ తెరిచాడు.

టేపు పెద్దాయన ఎప్పుడు వెళ్ళిపోయాడో డ్రైవరమ్మ చూడలేదు. అనాల్సిన మాటలు ఇంకా పది దాకా మిగిలిపోయాయి. నెలలుగా బస్సు నడుపుతూ, వంట చేస్తూ, నిద్రలో కూడా కూడబెట్టుకున్న మాటలు. ఇప్పుడు వినేవాడు లేడు. ఆమె గడప మీద, జనం తొక్కి అరిగిన చోట, కూర్చుండిపోయింది.

వెనక నుంచి చక్రాల చప్పుడు వచ్చి ఆగింది.

"అక్కా, పక్కకి జరుగు," అన్నాడు తమ్ముడు. "బయటికెళ్ళాలి. మళ్ళీ ఒకసారి లోపలికొస్తాను."