ఒక పాట గడిచాక

ఆ ప్రెస్సులో పిన్ని కళ్లుగప్పి ఒక్క తప్పు కూడా బయటికి పోదని పేరు. పేరనేది ఊరికే వస్తుందా? ముప్పై ఏళ్లుగా కంట్లో వత్తులు వేసుకుని ప్రూఫులు దిద్దితే వచ్చింది. అక్కడే బైండింగు చేసే ఆవిడ బావ పిల్లలు చిన్నప్పుడు పిన్నీ పిన్నీ అంటూ ప్రెస్సంతా తిరిగేవాళ్లు. అప్పటినుంచి ఆవిడ కంపోజింగు వాళ్లకీ పిన్నే, కాగితం బండి డ్రైవరుకీ పిన్నే, చివరికి ఓనరుకి కూడా పిన్నే. బోర్డు మీద దంతవైద్యుడు అన్న మాటకి అక్కర్లేని వత్తు కనబడితే, పన్ను నొప్పి లేకపోయినా రోడ్డు దాటి లోపలికెళ్లి చెప్పొచ్చే రకం.

అలాంటి మనిషి జీవితం మొత్తంలో ఒకే ఒక్క తప్పు వదిలింది. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసని ఇరవై రెండేళ్లు అనుకుంది.

అప్పట్లో లెక్కల మేష్టారు ఒకాయన 'కోటదారి' అనే ఆట రాసి అచ్చుకు తెచ్చారు. ఆ ఆటకి గళ్లూ లేవు, పావులూ లేవు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు: ఇదిగో వాగు, అవతల కోట, తలుపు దగ్గర కాపలా. మిగతావాళ్లు కత్తివాడో దొంగో వైద్యురాలో అయిపోయి, ఇప్పుడేం చేస్తారో నోటితో చెబుతారు. అనుకున్నది జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. పెద్దవాళ్లు ఆడే ఆటేనా ఇది అని మొదట ముక్కున వేలేసుకున్న పిన్ని, దిద్దుతూ దిద్దుతూ అందులో మునిగిపోయింది. అక్కడే కన్ను తప్పింది. మేష్టారి చేతిరాతలో "గాయపడి పడిపోయినవాడు ఒక పూట గడిచాక లేస్తాడు" అని ఉంది. అచ్చులో "ఒక పాట గడిచాక లేస్తాడు" అని వచ్చింది.

పుస్తకాలు అంగళ్లకు చేరిపోయాక చూసుకుంది. ఎవరికీ చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, చివరికి నోరు కుట్టేసుకుంది.

ఇక ఆడేవాళ్లున్నారే, వాళ్ల సంగతి చెప్పాలి! పుస్తకంలో ఉంది కదా అని పాడటం మొదలుపెట్టారు. గాయపడినవాడు బల్ల మీద తల వాల్చేస్తాడు, మిగతావాళ్లు ఏదో ఒక పాట అందుకుంటారు, పాటయ్యాక వాడు లేస్తాడు. గొంతు బాగుందా లేదా అని ఎవరూ చూడలేదు. మేష్టారికి ఉత్తరాల మీద ఉత్తరాలు. ఆహా ఏం రూలండీ, మీ బుర్రే బుర్ర!

రెండో కూర్పు వచ్చింది. మొదటిది పలచటి పుస్తకం, ఇది తలకింద పెట్టుకుని పడుకోవచ్చు. ఎక్కడ చూసినా పట్టికలే. చెప్పు తెగితే ఒక పట్టిక, కుట్టిస్తే ఇంకో పట్టిక. తలుపు ఒకటి తెరిచేసరికి మధ్యాహ్నం గడిచిపోయేది. దాని చేతిరాత ప్రెస్సుకి వచ్చినప్పుడే పిన్ని నోరు తెరిచేసింది. మేష్టారు స్వయంగా "పాట" అనే రాశారు, పైగా దాని మీద అరపేజీ వివరణ! పాపం, తనేం రాశారో తనకే గుర్తులేదు, అచ్చు పుస్తకం చూసి రాసుకున్నారు అనుకుంది. బతికాన్రా దేవుడా అని ఊపిరి పీల్చుకుంది.

మూడో కూర్పులో పట్టికలు పోయి రంగుల బొమ్మలు వచ్చాయి. కత్తివాడికి కండలొచ్చాయి, దొంగకి ఎగరడం వచ్చింది, ఎవరిని చంపుదామన్నా చావరు. పాతవాళ్లు ఇదేం ఆటని సణిగారు. కొత్తవాళ్లు ఆ పట్టికలు మాకొద్దు బాబోయ్ అన్నారు. రెండు జట్లకీ కొన్నాళ్లు మాటల్లేవు. కానీ పడిపోయినవాడికి మాత్రం రెండు జట్లవాళ్లూ పాడారు.

ఇప్పుడు నాలుగోది. మేష్టారు రిటైరయ్యారు, ఓపిక తగ్గింది, పుస్తకమూ తగ్గింది. అక్కర్లేనిదంతా కోసేసి మళ్లీ పలచగా చేశారు. సోమవారం మిషనెక్కాలి. బుధవారం పొద్దున ప్రూఫు చదువుతున్న పిన్ని ఒకచోట ఆగిపోయింది. "పడిపోయినవాడు పాచిక వేయాలి. నాలుగు దాటితే లేస్తాడు." అంతే. పాట లేదు.

అక్షరం దిద్దాలి గానీ రాసినవాడి మాట దిద్దకూడదన్నది పిన్ని పెట్టుకున్న నియమం. ఆ రోజు దాన్ని గట్టున పెట్టి, ప్రూఫు పట్టుకుని ముందు గదిలోకి వెళ్లింది. మేష్టారు ఫ్యాను కింద టీ తాగుతున్నారు.

"మేష్టారూ, పాటేదండీ?"

"తీసేశానమ్మా. ఇప్పటివాళ్లకి సిగ్గు. ఆట కూడా కాస్త గబగబా..." మేష్టారు నీళ్లు నమిలారు.

"సిగ్గా? మా ఎదురింటి నర్సు పాడితే వీధిలో కుక్క లేచెళ్లిపోతుంది. ఆవిడకే లేదు, ఇంకెవరికండీ సిగ్గు? నిజం చెప్పండి."

మేష్టారు కప్పు కింద పెట్టారు. "నిజం చెప్పాలంటే అది నా రూలు కాదమ్మా. నేను పూట అని రాశాను. ఎక్కడో అచ్చుతప్పు పడింది. జనం మెచ్చుకుంటుంటే తలూపాను. ఇరవై రెండేళ్లుగా ఊపుతూనే ఉన్నా. పుస్తకం మొత్తంలో అందరికీ నచ్చింది ఒక్కటే, అదొక్కటే నేను రాయలేదు. ఇది నా చివరి పుస్తకం. ఇందులోనైనా ఎవరిదో నాదని చెప్పుకోకూడదు."

పిన్ని ప్రూఫు బల్ల మీద పెట్టేసింది. "ఎవరిదో కాదండీ. ఆ తప్పు నాదే. పుస్తకాలు వెళ్లిపోయాక చూసుకున్నాను. మీకు తెలీదనుకుని నోరు మూసుకున్నాను."

"నీకు తెలుసా!"

"మీకూ తెలుసన్నమాట!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు మేష్టారు నవ్వారు. తర్వాత పిన్ని కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది. ఇద్దరు దొంగలూ ఇన్నేళ్లు ఒకే గదిలో టీ తాగారు! చేతికి జిగురుతో బావ తొంగిచూసి, "ఏమే మరదలా, ఏమైంది?" అన్నాడు. "ఏం లేదు, నువ్వెళ్లు బావా" అని పంపేసింది.

నవ్వు ఆగాక మేష్టారు కళ్లు తుడుచుకున్నారు. "అయినా తప్పు తప్పేనమ్మా. ఉండనివ్వను."

పిన్నికి ఒళ్లు మండింది. బావకు వినబడకుండా గొంతు తగ్గించింది. "మా అక్క చనిపోయిన ఏడాది బావ నోరు విప్పలేదు మేష్టారూ. పనికి రావడం, ఇంటికి పోవడం. ఆదివారం మా ఇంట్లో ఆడే ఈ ఆటకి మాత్రం వచ్చేవాడు. వారం వారం ఆయన కత్తివాడు పడిపోయేవాడు. ఎదురుగా వందమంది ఉన్నా ఒక్కడే దూకేసేవాడు. కావాలనే పడుతున్నాడని మాకు తెలుసు. ఎవరం అడగలేదు. పాడాం. ఏడాదంతా పాడాం. ఇలా పాచిక చేతికిచ్చి, నాలుగు దాటితే లే అనేవాళ్లమా ఆ మనిషిని?"

మేష్టారు చల్లారిన టీ కప్పు పక్కకి జరిపారు. "నాకిదంతా తెలీదమ్మా. మా ఇంట్లో ఎప్పుడూ కథ చెప్పేది నేనే. కథ చెప్పేవాడు పడిపోడు కదా. అందరికోసం పాడాను. నాకోసం ఎవరూ పాడలేదు."

"ఆదివారం మా ఇంటికి రండి. కథ నేను చెబుతాను, మీరు ఆడండి. ఆ తర్వాత కూడా తీసేయమంటే తీసేస్తాను" అంది పిన్ని.

ఆదివారం మధ్యాహ్నం పిన్ని ఇంట్లో బల్ల చుట్టూ బావ, ఎదురింటి నర్సు, మేష్టారు. మేష్టారికి దొంగ వేషం ఇచ్చారు. ఆట రాసినవాడితో ఇదే తంటా. ప్రతి అడుగుకీ మనసులో లెక్కలు కట్టి, ఎటు వెళ్తే ప్రమాదం తక్కువో అటే వెళ్లారు. రెండు గంటలైనా ఒంటిమీద గీత పడలేదు.

"మేష్టారూ, ఇది పరీక్ష కాదు, మార్కులేం పోవు. కాస్త పడండి!" అన్నాడు బావ.

"పడాలని పడితే అదేం ఆటయ్యా" అన్నారు మేష్టారు.

వంతెన దగ్గర బావ కత్తివాడి కాలు జారింది. పైనుంచి కాపలావాడు ఈటె ఎత్తాడని పిన్ని చెప్పింది. ఎవరేం చేస్తారని అడిగింది. నర్సు ఆడే వైద్యురాలు దూరంగా ఉంది. మేష్టారి దొంగ ఎంచక్కా తప్పించుకుపోవచ్చు, లెక్క ప్రకారం అదే తెలివైన పని.

"నేను అడ్డం వెళ్తాను" అన్నారు మేష్టారు.

పిన్ని ఆయన వైపు చూసింది. "చూసుకోండి. ఒకటి పడితే మీ దొంగ పడిపోతాడు."

పాచిక వేశారు. ఒకటి పడింది. మేష్టారు కళ్లజోడు తీసి పక్కన పెట్టి, బల్ల మీద తల వాల్చారు.

నర్సు అందరికంటే ముందు అందుకుంది, ఎప్పటిలాగే అందనంత పైస్థాయిలో. బావ బొంగురు గొంతు కింద నుంచి కలిసింది. పిన్ని ఆ రెండింటి మధ్యా ఎక్కడో దూరింది. శ్రుతి సంగతి అడగొద్దు. బావ కళ్లు మూసుకుని, మేష్టారి భుజం మీద చెయ్యి వేసి మరీ పాడాడు. పల్లవి అయింది, ఒక చరణం అయింది, మళ్లీ పల్లవికొచ్చి ఆపేశారు.

"లేవండి మేష్టారూ, పాటైపోయింది" అంది పిన్ని.

మేష్టారు తల ఎత్తలేదు. మోచేతుల మధ్య నుంచి గొంతు తడిగా వచ్చింది.

"ఎక్కడైపోయింది? రెండో చరణం మింగేశారు. పాటంటే మొత్తం పాడాలి. రూలు రాసినవాణ్ణి, నాకు తెలీదా?"

పిన్ని ఆ మాట పట్టేసుకుంది. గబగబా సంచీలోంచి ప్రూఫు తీసి, పాచిక వాక్యం మీద ఎర్ర గీత కొట్టి, పక్కన "ఒక పాట గడిచాక లేస్తాడు" అని రాసి, కాగితమూ కలమూ ఆయన ముందుకు తోసింది.

"అయితే ఇక్కడ సంతకం పెట్టండి."

"పడిపోయినవాడు సంతకం ఎలా పెడతాడమ్మా? ముందు నన్ను లేపండి" అన్నారు మేష్టారు.

వాళ్లు రెండో చరణం ఎత్తుకున్నారు.