మినిట్స్ రాసే కుర్చీ

నేనూ మా ఆయనా దుప్పటికి చెరో కొసా పట్టుకుని మడుస్తున్నాం. పెళ్ళయిన ఈ మూడు నెలల్లో నేను కనిపెట్టిన ఆనందాల్లో ఇదొకటి, మడత మడతకీ తను ఒక్కో అడుగు దగ్గరికొస్తాడు. సరిగ్గా ముక్కూ ముక్కూ తగిలేవేళకి ఫోన్ మోగింది.

"గెలిచావే పిల్లా! పంతొమ్మిది ఓట్ల తేడా!" నా తోటి లెక్చరర్ కెమిస్ట్రీ మేడం అరుపుకి పక్కింటివాళ్ళు కూడా ఉలిక్కిపడి ఉంటారు. తను నన్ను దుప్పటితో సహా గిరగిరా తిప్పేశాడు.

మా యూనివర్సిటీలో పాఠాల సంగతులన్నీ మేం ఎన్నుకున్న అధ్యాపక సభే తేలుస్తుంది. ఇప్పుడు టైంటేబుల్ వేసే పని మళ్ళీ తనకే ఇవ్వమంటోంది ఆఫీసు. దానిమీద సభలో రేపే ఓటింగ్. వెనక ఓసారి ఇస్తే, పొద్దున మొదటి క్లాసూ సాయంత్రం ఆఖరి క్లాసూ ఒకరికే వేసి, మధ్యలో రోజంతా పడిగాపులు కాయించిన ఆఫీసది. అలా కాసింది ఎక్కువగా మా కాంట్రాక్టు ఆడ లెక్చరర్లే. సభలో ఈ మాట గట్టిగా చెప్తానని ఓట్లడిగాను.

అంతలో సభాధ్యక్షుడి ఫోన్. "అభినందనలమ్మా. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందట కదా, సభ మినిట్స్ రాసేది ఇక నువ్వే."

"నేను మాట్లాడాలి కదా సార్?"

"రాసేవాళ్ళు మాట్లాడకపోవడం మన ఆనవాయితీ. రిటైరైన మేడం పదేళ్ళు రాశారు. ఒక్కసారి నోరు విప్పితే ఒట్టు. బంగారం!"

ఆలోచించుకుని చెప్తానని పెట్టేసి, సంగతి తన చెవిన వేశాను.

"పోన్లే, రాస్తే పోయేదేముంది? ఇంట్లో లిస్టులన్నీ నువ్వేగా రాసేది," అన్నాడు తను, ముద్దుగానే.

ఎగతాళి కాదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఏ సరుకు నిండుకుందో, అత్తయ్యగారి మందులు ఎప్పుడు తేవాలో అన్నీ నా రాతలోనే ఉంటాయి. తను చూసి తెస్తాడు. తెచ్చినప్పుడల్లా మెచ్చుకుంటాను కూడా. గుర్తుపెట్టుకున్నందుకు నన్నెవరూ మెచ్చుకోలేదని ఇప్పుడే తట్టింది. ఎన్నికల ముందు ఆ రిటైరైన మేడం మినిట్స్ పుస్తకాలన్నీ తిరగేశాను. ఎవరెవరు ఏమన్నారో పొల్లుపోకుండా ఉంది. ఆవిడ ఏమనుకున్నదో పదేళ్ళలో ఒక్క వాక్యం లేదు.

తను చూస్తుండగానే అధ్యక్షుడికి ఫోన్ చేశాను.

"సార్, రేపు మొదట నేనే మాట్లాడతాను. మినిట్స్ మీరు రాయండి. మీకు అందేలా నెమ్మదిగానే చెప్తాను."