నెమలి పెట్టెకు గంట మూతి

ఒక అనుమానం గోవిందప్పను ముప్పై ఏళ్లుగా విడవలేదు. ఆ శ్రీరామనవమి పొద్దున వాళ్ల నాయన పెరట్లో రోటి పక్కన కూర్చుని, పసుపునీళ్లతో కడిగిన ఆ గుండ్రటి డబ్బీ ఎవరిది?

అడగొచ్చు. అప్పటికే మీసం వచ్చినవాడు. అడగలేదు. అంతకు రెండు రోజుల ముందే భజన మందిరం గ్రామఫోను మూగబోయింది. ముల్లును పట్టుకుని పాట పలికే గుండ్రటి డబ్బీ, సౌండు బాక్సులో అభ్రకపు రేకు చీలిపోయింది. అలాంటిది నవమి సాయంత్రానికి పెట్టె గణగణా పలికింది. రాముడే పలికించాడని నాయన చెప్పాడు. ఊరంతా చేతులు జోడించింది, గోవిందప్పా జోడించాడు. ఆ నవమి తరవాతే ఊరి బయట పేటలో చర్చి గ్రామఫోను మూగబోయిందన్న మాట కూడా అతని చెవిన పడింది. ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు. ఎందుకంటే ఊళ్లో ఇప్పటికీ నాయనను 'పెట్టెను పలికించిన పుణ్యాత్ముడు' అనే తలుస్తారు.

నాయన పోయాక భజన పెద్దరికం గోవిందప్పకు వచ్చింది. ఉరవకొండ పక్కన ఆ మెట్ట ఊళ్లో ఉత్సవమూర్తులు మందిరం గడప దాటాలంటే ముందు ఆ పెట్టెలో కీర్తన ప్లేటు తిరగాలి. అలాంటి పెట్టెలో స్ప్రింగు నాలుగేళ్ల కిందట పుటుక్కున తెగింది. ఆ నాలుగేళ్లూ వేరుశనగ చేతికి రాలేదు. టేపు రికార్డరు తెచ్చి పెట్టారు గానీ ఎవరికీ మనసొప్పలేదు.

"టేపులో పాడితే దేవుడు వింటాడాప్పా? వింటే వాన రాకుండా పోతాదా?" అన్నాడు ఎర్రప్ప, మందిరం అరుగు మీద అందరి ముందూ. అతను నాయన నాటి నుంచి భజనలో తాళాలు వేసే మనిషి, నోటికి అదుపు లేదు. "నాయన పలికించిన పెట్టె. కొడుకు చేతిలో మూగదయిపాయ."

అది గుచ్చుకుంది. వచ్చే నవమికి పెట్టె పలికి తీరుతుందని గోవిందప్ప పటం ముందు కర్పూరం వెలిగించి మాటిచ్చాడు.

పెట్టెను గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని గుత్తికి తీసుకుపోయాడు. అక్కడ మౌలా సాహెబు గడియారాలూ కుట్టుమిషన్లూ బాగుచేస్తాడు. పాత గ్రామఫోన్లంటే ఆయనకు పిచ్చి. సరైన స్ప్రింగు కోసం ఇద్దరూ బళ్లారి పాత సామాన్ల అంగళ్లన్నీ గాలించారు. ఒకటి వెడల్పు ఎక్కువ, ఇంకొకటి పొడవు తక్కువ. అసలైనది దొరికేటప్పటికి దీపావళి దాటి సంక్రాంతి కూడా పోయింది. పెట్టె లోపల నాయన నాటి నుంచి పోస్తూ వచ్చిన ఆముదం బంకలా గడ్డకట్టి ఉంటే కిరసనాయిలుతో కడిగారు.

స్ప్రింగు బిగించాక సౌండు బాక్సు విప్పబోయిన సాహెబు చేయి ఆగింది. దాని మెడకు దారం చుట్టలు చుట్టలుగా ఉంది, దారం మీద లక్క పోసి ఉంది.

"ఏమప్పా గోవిందప్పా, ఇది దీని మూతి కాదు గదా! గొట్టం మీద చూడు, నెమలి గుర్తు. మూతి మీద చూడు, గంట. ఎద్దుకు దున్నపోతు మూతి అతికించినట్లుండాది. ఎవురు చేసినారో గానీ లక్క పోసి బలే దాచినారు."

గోవిందప్ప నవ్వబోయాడు. నవ్వు రాలేదు. డబ్బీ అంచున పసుపు చార ఇంకా ఉంది.

"ఇదే ఉంచరాదా సాహెబూ?"

"ఉంచుతా, నాకేం పోతాది? లక్క ఎండి మూతి ఊగుతాండాది. కొత్త స్ప్రింగు గట్టిగా తిప్పుతాది. నీ దేవుని ప్లేటు నాలుగు తిప్పులకే గీసుకపోతాది. నెమలిది తే. రేకు చీలినదైనా సరే, రేకు నేనేస్తా. యాడుండాదో తెలుసునా?"

గంట గుర్తు గ్రామఫోను ఆ చుట్టుపక్కల ఒక్క చోటే ఉంది. గోవిందప్ప డబ్బీని జేబులో వేసుకుని బస్సెక్కాడు.

పేటలో చర్చి తాళంచెవి కృపాకుమారి దగ్గర ఉంటుంది. ఆమె తండ్రి దావీదు ఆ చర్చికి ఉపదేశిగా ఉండి, పదేళ్ల కిందట పోయాడు. గోవిందప్ప వాకిట్లోనే నిలబడ్డాడు. ఆమె మంచం వాల్చింది. అంచున కూర్చుని, దారి పొడవునా తయారు చేసుకున్న మాట బయటపెట్టాడు.

"ఏమ్మా కృపమ్మా, మీ చర్చి గ్రామఫోను పలకదు గదా, ఊరికే పడి ఉండాది. దాని సౌండు బాక్సు మందిరానికి ఇస్తే స్వామి పనికి వస్తాది."

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి లోపలికి పోయింది. ట్రంకు పెట్టె తీసిన చప్పుడైంది. తెల్లగుడ్డ మూట ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. విప్పితే నెమలి గుర్తు డబ్బీ. రేకు చీలే ఉంది. డబ్బీ మీద మాత్రం తుప్పు మరక లేదు. ఎవరో ఏటా నూనె రాసి తుడిచినట్టుంది.

"మీదేలే అన్నా. మీ నాయన పంపిన కాడి నుంచి ఈడనే ఉండాది."

"నీకు... తెలుసునా?"

"గంటకూ నెమలికీ తేడా తెలీని గుడ్డోళ్లమా?" అని నవ్వింది. "పండగకని మీ నాయన అడిగి మా గంటది తీసుకపాయ. పండగయినాంక ఇదొచ్చె. సంఘమంతా మా నాయనను నిలదీసినారు. నేనే కీ ఎక్కువిచ్చి చెడగొట్టినా అని ఒప్పుకున్యాడు. చచ్చేదాకా ఆ మాట పడినాడు. నాకొక్కదానికే నిజం చెప్పినాడు."

"అట్లెందుకు చెప్పినాడమ్మా?"

"మీ చేన్లకు కూలికి పోయేది మేమే గదన్నా. ఆ యేడూ కరువే. ఇది ఊరోళ్ల సొత్తు, భద్రంగా పెట్టు, ఎవురో ఒకరు అడగొస్తారు అన్యాడు."

తమ గంట ఏదని ఆమె అడగలేదు. అది గోవిందప్ప జేబులోనే, తొడకు ఒత్తుకుంటూ ఉంది. తీసి ఇవ్వడానికి చేయి లేవలేదు. ఇస్తే నాయన దొంగ అని తన నోటితో తానే చెప్పినట్టు. మూట పట్టుకుని లేచాడు.

"పెట్టె పలికితే వానను మా పేట మీద కూడా పడమని చెప్పన్నా," అంది ఆమె వెనక నుంచి.

చెవులు కాలిపోయాయి. దారిలో రామనామం అనుకోబోయి, సగంలోనే వదిలేశాడు. పసుపునీళ్లతో కడిగితే మైల పోతుందని నాయన నమ్మాడు. ఏది మైల? దావీదు ఇంటి గాలి తగలడమా? మరి ఇన్ని నవములు రాముడు ఎవరి గొంతుతో మేలుకున్నట్టు?

సాహెబు కొత్త రేకు వేశాడు. నెమలి మూతి దారం లేకుండానే గొట్టంలో కూర్చుంది. నవమినాడు కీర్తన తేటగా పలికింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఎర్రప్ప కూడా మెచ్చుకున్నాడు. "నాయన పేరు నిలబెట్టినావప్పా!"

ఆ మాటకు గోవిందప్ప కూర్చోలేకపోయాడు. లేచి జేబులోంచి గంట డబ్బీ తీశాడు.

"ఇది పేట చర్చిది. మా నాయన అడిగి తెచ్చి, ఇది ఉంచుకుని మన చీలినదాన్ని పంపినాడు. రాముడు పలికించలేదు, ఇది పలికించింది. రేపు ఇచ్చేస్తాండా."

తాళాలు ఆగిపోయాయి. ఎర్రప్ప తల దించుకుని గొణిగాడు. "పోయినోని పేరు ఎందుకు తీస్తావప్పా. శుద్ధి చేసి దేవునికి ఎక్కిచ్చింది. మళ్లీ పేటకు ఎట్లిస్తావు?"

"తెచ్చుకునేప్పుడు అడ్డం రాని మైల, ఇచ్చేప్పుడు యాడ నుంచొచ్చె ఎర్రప్పా?"

ఆ రాత్రి ప్రసాదం తీసుకుంటూ ఒకరిద్దరు అతని ముఖం చూడలేదు. నాయన పేరు తన చేతులతోనే తీసినందుకు అతనికీ తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లోపలికి అడుగుపెట్టాడు. కృపాకుమారి గ్రామఫోను మీద గుడ్డ తీసింది. లక్కా దారం ఇంట్లోనే గీకేసి తెచ్చాడు.

"పసుపు తుడవలేదే అన్నా?"

"ఉండనీమ్మా. కనపడనీ."

డబ్బీని గొట్టంలో పెట్టి, గంట గుర్తు పైకి వచ్చేదాకా తిప్పాడు. బిగుతుగా కూర్చుంది. ఆమె ప్లేటు పెట్టి, కీ అతని చేతికిచ్చింది.

"పాతది గదమ్మా. కీ ఎక్కువైతే తెగుతాదేమో."

"తెగితే మా నాయన మీదనే చెప్తాంలే అన్నా," అంది కృపాకుమారి.

గోవిందప్ప తల దించుకుని, మెల్లగా, ఒక్కో చుట్టే కీ ఇచ్చాడు. పెట్టె మూలిగింది. ప్లేటు కదిలింది.